అరువు నాలుక

నవంబర్ 12, బుధవారం

పొద్దున ఏడున్నరకు ఇస్రాయేలు వచ్చాడు. నా చెల్లెలు రేఖను చేసుకుని పద్నాలుగేళ్లయినా నా ముందు కూర్చోవాలంటే ఇప్పటికీ రెండుసార్లు చెప్పాలి. ఈరోజు చెప్పినా కూర్చోలేదు.

సంగతి ఇది. ఒకప్పుడు ఇస్రాయేలు పనిచేసిన హైదరాబాద్ హోటల్లో అతని మీద బార్ మేనేజర్‌గా ఉన్న శ్రీనాథ్ ఇప్పుడు బెంగళూరులో సొంతంగా రెస్టారెంట్ తెరుస్తున్నాడు. డిసెంబర్ 10న కారులో అటు పోతూ ఎర్రవల్లి చౌరస్తా దగ్గర హైవే దిగి గద్వాలకు వస్తాడు. ఇంట్లోనే, ఇస్రాయేలు తన చేత్తో ఒక బ్లడీ మేరీ, అంటే వోడ్కా వేసిన టమాట రసం, కలిపి ఇవ్వాలి. పాత రుచి వస్తే ఉద్యోగం ఉంది. రాకపోతే లేదు. సరుకంతా చేతికందే చోట ఎవడైనా కలుపుతాడు, ఇంట్లో కలిపి చూపించు, నీ చెయ్యి కూడా చూస్తాను అన్నాడట.

చెయ్యి ఎందుకు చూడాలో నాకూ తెలుసు. పదకొండేళ్లు ఆ కౌంటర్ వెనక పనిచేసినవాణ్ణి తాగి డ్యూటీకి వచ్చాడని తీసేశారు. ఇక్కడికొచ్చి సీడ్ పత్తి షెడ్డులో నాలుగేళ్లు బస్తాలు మోస్తూ తాగాడు. ఈ జనవరిలో చర్చిలో అందరి ముందు నిలబడి ఇక ముట్టనన్నాడు. ముట్టలేదు. పది నెలలు దాటింది.

అందుకే నా దగ్గరికి వచ్చాడు. "టమాట రసం దాంక నేనే చూస్త బావా. మందు పడ్డంక రుచి మారుతది. కారం ముందుకొస్తది, ఉప్పు ఎనకకు పోతది. గది నేను చూడొద్దు. నువ్వు చూడాలె."

రేఖ షరతులు రెండు. సీసా వాళ్లింటికి రాకూడదు, నా గదిలోనే ఉండాలి, కలపడమూ మా ఇంట్లోనే. చుక్క కూడా అతని నాలుక మీద పడకూడదు. నన్ను ఎంచింది కూడా చెల్లెలే. "అన్న తాగుతడు గానీ తాగినట్టుండడు" అన్నదట.

ఒప్పుకున్నాను. ఏ రోజు ఎంత కలిపాం, రుచి ఎలా వచ్చింది ఇందులో రాస్తాను.

నవంబర్ 14, శుక్రవారం

సీసా నేనే కొన్నాను. వోడ్కా, ఏడు వందల యాభై ఎం.ఎల్. బీరువాలో పాత పేపర్ల కట్టల వెనక పెట్టాను. షెడ్డు నుంచి ఇస్రాయేలు నాలుగింటికి వస్తాడు, నేను పేపర్ పనిమీద ఏ మండలంలో ఉంటానో తెలియదు కాబట్టి ఇంటి రెండో తాళంచెవి అతనికిచ్చాను.

సాయంత్రం మొదటి ప్రయత్నం. టమాటాలు మరిగే నీళ్లలో వేసి, తోలు తీసి, మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడగట్టాడు. హోటల్లో డబ్బా రసం వాడేవాళ్లట. నిమ్మరసం, మిరియాల పొడి. ఉప్పులో వాము నూరి కలిపాడు, హోటల్లో వేసే సెలరీ ఉప్పు ఇక్కడ దొరకదు. నల్ల సాసూ దొరకదు. దానికి బదులు చింతపండు, బెల్లం, వెల్లుల్లి, సంతలో కొన్న ఎండు చేపలు సిర్కాలో, అదే వెనిగర్‌లో, నానబెట్టి వారం కిందటే సీసాలో పెట్టుకున్నాడు. ఎండుమిరపకాయల నీళ్లు వేరే చిన్న సీసాలో. అది చుక్కల లెక్కన వేయాలి.

గిలకొట్టడు. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఆరేడుసార్లు మెల్లగా వంచుతాడు, చాయ్ తిప్పినట్టు. గిలకొడితే టమాట నురగొచ్చి పల్చబడుతుందట. చెయ్యి వణకలేదు.

సగం గ్లాసు, అందులో మందు ముప్పై ఎం.ఎల్. నేను తాగి చూశాను. రెండు చుక్కల కారం వేశాడు. చాలలేదన్నాను.

పని అయ్యాక సీసా లేబుల్ మీద మందు ఎంతవరకుందో పెన్నుతో గీత గీశాను.

నవంబర్ 15, శనివారం

నిన్నటి మిక్స్ కొంచెం మిగిలింది. హోటల్లో ఇది ఆదివారాలు పొద్దున తాగే డ్రింకని ఇస్రాయేలే చెప్పాడు. అలాంటప్పుడు పొద్దున నాలుకకు ఎలా ఉంటుందో కూడా తెలియాలి. సీసా మూతతో ఒక మూత మందు కలిపి రుచి చూశాను. కారం తక్కువే.

నవంబర్ 17, సోమవారం

రెండో ప్రయత్నం. కారం మూడు చుక్కలు. నిమ్మ ఎక్కువైంది. గీత గీశాను.

రేఖ కూడా వచ్చింది, గడపలోనే నిలబడింది. డ్రింకు పేరు ఇన్నాళ్లూ ఆమెకు చెప్పలేదట. ఈరోజు విన్నది. "అమ్మ పేరు మందుకు పెట్టిన్రా?" అని మొగుణ్ణి నిలదీసింది. మా అమ్మ మరియమ్మ. ఎవరో రాణి పేరట, మన అమ్మది కాదని ఇస్రాయేలు అన్నాడు. రాణి అయితే ఏంది, తాగుబోతు రాణా అన్నది. అప్పటి నుంచి ముగ్గురం దాన్ని "టమాటది" అంటున్నాం.

నవంబర్ 18, మంగళవారం

పొద్దున రుచి చూశాను. మూత.

గట్టు మండలంలో సీడ్ పత్తి రైతుల ధర్నా. మొలక శాతం తక్కువని కంపెనీ లాట్లు వెనక్కి కొట్టింది. నాలుగు వందల పదాలు పంపాను. డెస్క్ వాళ్లు తొంభై వేశారు.

నవంబర్ 20, గురువారం

మూడో ప్రయత్నం. కారం నాలుగు చుక్కలు. ఇస్రాయేలు ఎక్కువైతదేమో బావా అన్నాడు. నా నోటికి తెలియలేదు, అదే చెప్పాను. మన పాలమూరోళ్ల నాలుకకు ఇంత కారం ఒక లెక్కా అన్నాను. నవ్వాడు. వేశాడు.

నవంబర్ 21, శుక్రవారం

పొద్దున రుచి చూశాను. టమాట రసం అయిపోయింది, ఉత్తదే చూశాను. మందు రుచి విడిగా తెలిస్తేనే మిక్స్‌లో ఏం మారుతుందో తెలుస్తుంది.

నవంబర్ 22, శనివారం

చూశాను. మూత.

నవంబర్ 23, ఆదివారం

చర్చికి పోలేదు. పేపర్ పనిమీద వనపర్తి, అక్కణ్ణుంచి నాగర్‌కర్నూల్. బస్టాండు నుంచి నా భార్య బాలమణి ఉండే గురుకులం క్వార్టర్ పది నిమిషాల నడక. దసరా తర్వాత ఆమె గద్వాలకు రాలేదు. క్లాసులో ఉంటుందని వెళ్లలేదు. ఆదివారమని బస్సెక్కాక గుర్తొచ్చింది.

బస్సెక్కే ముందు పొద్దున రుచి చూశాను. గ్లాసు అడుగున, అంతే.

నవంబర్ 24, సోమవారం

నాలుగో ప్రయత్నం. ఐదు చుక్కలు. బాగుంది. ఇస్రాయేలు స్ట్రా పైన వేలు పెట్టి ఒక చుక్క పట్టి వెలుతురులో చూశాడు. హోటల్లో ప్రతి గ్లాసుకూ అలా పట్టి నాలుక మీద వేసుకునేవాళ్లట, అది పని. చుక్క చుక్కా కలిసి రోజుకెంతయ్యేదో ఎప్పుడూ లెక్కేసుకోలేదన్నాడు. స్ట్రా కడిగి పక్కన పెట్టాడు.

నవంబర్ 25, మంగళవారం

సర్పంచ్ ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. మాకు మొదటి విడత, డిసెంబర్ 11. ఇక ఊపిరాడదు.

చూశాను.

నవంబర్ 26, బుధవారం

చూశాను.

నవంబర్ 27, గురువారం

పొద్దున ఒకసారి. మధ్యాహ్నం వచ్చాక ఒకసారి. తలనొప్పి ఉంది.

ఐదో ప్రయత్నం ఈరోజు జరగాల్సింది. ఇస్రాయేలుకు షెడ్డులో ఓవర్‌టైమ్. రాలేదు.

నవంబర్ 28, శుక్రవారం

ఐదో ప్రయత్నం కోసం సాయంత్రం సీసా తీశాను. 24న గీసిన గీతకూ మందుకూ సంబంధం లేదు.

వాస్తవాలు. నాలుగు సార్లు, సారికి ముప్పై చొప్పున, నూట ఇరవై ఎం.ఎల్. పోవాలి. ఆరు వందల ముప్పై ఉండాలి. కొలిచాను. రెండు వందల పది ఉంది. ఇంటి తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి అతని దగ్గర. నేను అడపాదడపా ఒక మూత చూశాను, అది లెక్కలోకి రాదు.

ఇస్రాయేలును అడిగాను. అరవలేదు, మామూలుగానే అడిగాను. టమాటాలు కోస్తున్న కత్తి కింద పెట్టాడు.

"నేను ముట్టలే బావా."

ముట్టావని అనలేదు, తగ్గింది కాబట్టి అడుగుతున్నానన్నాను.

"నువ్వు రాసుకుంటవు గద. రాసింది చూడు."

నా రాతను నాకే చూడమంటాడు. ఇరవై ఆరేళ్లుగా ఈ జిల్లాలో రాస్తున్నాను. తప్పు రాశానని ఎవడూ కేసు వేయలేదు. ఆ మాటే అన్నాను. అతను టమాటాలు కోయడం పూర్తి చేశాడు, కలిపాడు, నేను చూశాను. ఆరు చుక్కలు.

నవంబర్ 29, శనివారం

రేఖకు చెప్పాలా వద్దా. చెప్పకపోతే దాచినట్టు. ఆమె నన్ను నమ్మి అప్పజెప్పింది.

పొద్దున చూశాను.

నవంబర్ 30, ఆదివారం

చెప్పాను. ఆరాధన అయ్యాక చర్చి గేటు పక్కన. రేఖ సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

ఎంత అని అడిగింది. నాలుగు వందల ఎం.ఎల్. పైన అన్నాను.

"తాగంగ చూసినవా అన్నా?"

"చూడలేదు. లెక్క చెప్తుంది."

ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇంటికొచ్చాక అనిపించింది. ఎందుకనిపించిందో తెలియదు.

డిసెంబర్ 3, బుధవారం

రేఖ సావిత్రమ్మకు చెప్పింది. సావిత్రమ్మ స్త్రీల కూటానికి పెద్ద. భర్త కోసం ప్రార్థన చేయమని అడిగిందట, అంతే. మా చర్చిలో ప్రార్థన చేయమని అడగడమంటే మైకు పెట్టి చెప్పడమే. మంగళవారం పొద్దున ఆరుగురు మోకాళ్ల మీద ఉన్నారు, సాయంత్రానికి వీధంతటికీ తెలిసింది.

నామినేషన్ల పని. ధరూర్, గట్టు తిరిగాను. చూశాను, ఒకసారి.

డిసెంబర్ 5, శుక్రవారం

సంఘ పెద్దలు ఇస్రాయేలును పిలిచారు. తాగలేదన్నాడు. ఎవరు చెప్పారో వాళ్లు అతనికి చెప్పలేదు, కానీ అతనికి తెలుసు. అతను పోయాక, జాన్ ఊరికే అనడు కదా అని ఒక పెద్దాయన నా పేరెత్తి అన్నాడట. ఈ మాట నాకు ఆ పెద్దాయనే ఫోన్ చేసి, మెచ్చుకోలుగా చెప్పాడు.

తీర్మానం: తేలేదాకా ఇస్రాయేలు ప్రభు భోజనపు బల్లకు రాకూడదు.

సాయంత్రం అతను మామూలు వేళకే వచ్చాడు. తలుపు తట్టాడు. తాళంచెవి ఉంది కదా అన్నాను. జేబులోంచి తీసి నా టేబుల్ మీద పెట్టాడు. ఆరో ప్రయత్నం చేశాడు. శ్రీనాథ్ వచ్చేది మార్చలేం కదా బావా అన్నాడు.

డిసెంబర్ 7, ఆదివారం

నెలలో మొదటి ఆదివారం, బల్ల ఆరాధన. రొట్టె ముక్కల పళ్లెం, ద్రాక్షరసం చిన్న గ్లాసుల పళ్లెం వరస వెంట వరస వస్తాయి. ఇస్రాయేలు చివరి వరసలో గోడవైపు కూర్చున్నాడు. ముందే చెప్పి ఉంచారు కాబట్టి పళ్లెం పట్టుకున్న మనిషి అతని దగ్గర ఆగలేదు. ఇస్రాయేలు మోకాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చాడు.

రేఖ ఆడవాళ్ల వైపు ఉంది. ఆమె తీసుకోలేదు. ఆమెను ఎవరూ వద్దనలేదు.

నేను తీసుకున్నాను.

డిసెంబర్ 8, సోమవారం

ఎన్నికల సామగ్రి వార్త పంపి మధ్యాహ్నం ఇంటికొచ్చాను. ఈ డైరీ మొదటి నుంచి చదివాను.

ఇస్రాయేలు లేనప్పుడు "చూశాను" అని నవంబర్ 28 లోపు ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టాను. తొమ్మిది. నవంబర్ 16, 19 తేదీల్లో ఏమీ రాయలేదు. ఆ రెండు రోజులూ కూడా చూశాను. పదకొండు. మూడింటికి మూత అని రాశాను. మూత అన్నది అబద్ధం. వంటింటి గ్లాసు తీసి, ఆ పొద్దుల్లో పోసుకున్నంత నీళ్లు పోసి కొలిచాను. నలభై ఎం.ఎల్. ఇంకోసారి కొలిచాను. నలభై రెండు.

పదకొండు సార్లు, సారికి నలభై. నాలుగు వందల నలభై. తక్కువ పడ్డది నాలుగు వందల ఇరవై.

ఎవరో చెప్పిన లెక్క అయితే మళ్లీ ఫోన్ చేసి అడిగేవాణ్ణి. ఇక్కడ అడగడానికి మనిషి లేడు. ఇస్రాయేలు తాగలేదు. నేను తాగాను. అతను ఆ సీసా మూత తీసింది ఆరుసార్లు, ఆరుసార్లూ నా కళ్ల ముందే.

రేఖకు చెప్పాలి. 11న పోలింగ్ అయిపోయాక చెప్తాను. ఇప్పుడు చెబితే పదో తారీఖు పని చెడుతుంది.

డిసెంబర్ 9, మంగళవారం

పోలింగ్ కోసం సాయంత్రం ఐదింటి నుంచి వైన్ షాపులు బంద్. మధ్యాహ్నం పోయి ఇంకో సీసా తెద్దామనుకున్నాను. బీరువాలో డెబ్బై వరకూ ఉంది, రేపటికి అరవై చాలు. తేలేదు.

డిసెంబర్ 10, బుధవారం

సీసా ఖాళీ. నిన్న సాయంత్రం ఏడింటిలోపే ఖాళీ అయింది. చేతులు నావే.

పదింటికి ఇస్రాయేలు, రేఖ కలిసి వచ్చారు. టమాటాలు, ఐసు, నిమ్మకాయలు రేఖ మోసుకొచ్చింది. మొగుడి పక్కనే ఉండి చూడాలని, తనూ పనిచేసే షెడ్డులో సెలవు పెట్టింది. ఇస్రాయేలు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బీరువా తెరిచి సీసా బయటికి తీశాడు. ఎత్తి చూడక్కర్లేదు, చేతిలో తేలికగా ఉంది. నా వైపు చూశాడు. రేఖ అతని వైపు చూసింది. ఆమె అలా చూడడానికి కారణం నేను. అయినా నోరు తెరవలేదు.

అతను సీసా కింద పెట్టి టమాటాలు కడగడం మొదలుపెట్టాడు.

పదకొండుంపావుకు శ్రీనాథ్ వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, సన్నం. కుర్చీ నేనిస్తే వంటింటి గడప దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. మందు లేదు సార్ అని ఇస్రాయేలు చెప్పాడు. ఎందుకు లేదో చెప్పలేదు. డ్రై డే అని నాకు తెల్వదా అని, శ్రీనాథ్ డ్రైవర్‌తో కారులోంచి ఒక సీసా తెప్పించాడు. బార్ పెట్టేవాడు బార్ లేకుండా బయల్దేరుతాడా అన్నాడు. రేఖ కూడా నవ్వబోయి ఆపుకుంది.

కలిపాడు. ఎండు చేపల సాసు, వాము ఉప్పు, మిరియాలు, నిమ్మ, అరవై ఎం.ఎల్. కారం ఆరు చుక్కలు, నేను చెప్పిన లెక్క. గ్లాసులోంచి గ్లాసులోకి ఏడుసార్లు వంచాడు. కీరదోస ముక్క నిలువుగా పెట్టాడు. శ్రీనాథ్ గ్లాసును కాకుండా చేతులనే చూస్తున్నాడు. చెయ్యి బాగుందన్నాడు. ఒక గుక్క తాగాడు.

దగ్గు వచ్చింది. నీళ్లడిగాడు. కళ్లు తుడుచుకుని, కోపం లేకుండానే అడిగాడు. "ఇది ఎవరి నాలుకతో చూసినవ్ ఇస్రాయేల్?"

మేమిద్దరం అతన్నే చూస్తున్నాం, నేనూ రేఖా. నేను చూసిన లెక్కే సార్ అన్నాడు ఇస్రాయేలు. అంటే తాగావన్న మాట అని శ్రీనాథ్ అన్నాడు. లేచి డ్రైవర్‌ను కేకేశాడు.

అప్పుడు చెప్పాను. రాసుకున్నట్టు చెప్పలేకపోయాను, ముక్కలు ముక్కలుగా వచ్చింది. "చూసింది నేను. ఆరు చుక్కలు నేనే వేయించిన. నా నోటికి కారం తెలుస్తలేదు. నెల సంది పొద్దున లేస్తే తాగుతున్న. ఆ సీసా తాగింది నేను, రేఖా. ఈయన ముట్టలే."

ఇరవై ఆరేళ్లు పేపర్ భాషలో రాసి, ఆఖరికి అమ్మ మాట్లాడినట్టే మాట్లాడాను.

రేఖ కొంగుతో చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. తర్వాత మొగుడితో, ఇంకోటి కలుపు అన్నది.

చూసేటోళ్లు లేరు రేఖా అని ఇస్రాయేలు అన్నాడు.

"నేను చూస్త."

వద్దన్నాడు. ఆమె జీవితంలో మందు ముట్టలేదు, వాసనకే ముక్కు మూసుకుంటుంది. నీ ఒట్టు నీది, నాకేం ఒట్టు లేదు, కలుపు అన్నది. శ్రీనాథ్ మళ్లీ కూర్చున్నాడు.

ఈసారి రెండు చుక్కలు. ఇస్రాయేలు స్ట్రా ముంచి, పైన వేలు పెట్టి, ఆమె నాలుక మీద ఒక చుక్క వదిలాడు. రేఖ మొహం ముడుచుకుంది. కళ్లు మూసి ఆలోచించింది, కూర చూసినట్టే. "కారం సరిపోయింది. ఉప్పు జర ముందుకొస్తుంది." అతను అర చెక్క నిమ్మ పిండాడు. ఇంకో చుక్క. "ఆఁ" అన్నది. పరుగున పోయి పెరట్లో నోరు పుక్కిలించుకుంది.

శ్రీనాథ్ సగం తాగాడు. పాత రుచే అన్నాడు. ఎండు చేప ఎక్కడిది అని అడిగాడు. ఇరవయ్యో తారీఖుకు బెంగళూరులో ఉండాలి, రెండు నెలలు చూస్తాను అన్నాడు. అక్కడ ఎవరితో చూపిస్తావ్ అని అడిగాడు. పక్క కౌంటర్ల మనిషిని అడుక్కుంట సార్, నేనైతే చూడ అని ఇస్రాయేలు చెప్పాడు. రుచి చూడని బార్‌మన్‌ను నా సర్వీసులో చూడలేదని శ్రీనాథ్ అన్నాడు. అయినా తారీఖు మార్చలేదు.

పోతూ పోతూ రేఖ గడపలో ఆగింది.

"చర్చిల చెప్తవా?"

చెప్తానన్నాను.

"ఎన్నడు?"

"ఆదివారం."

డిసెంబర్ 11, గురువారం

పోలింగ్. సాయంత్రానికి లెక్కింపు. ఏడు వార్తలు పంపాను. తాగలేదు. దుకాణాలు బంద్ కాబట్టి ఇది గొప్ప కాదు.

డిసెంబర్ 13, శనివారం

తాగాను. క్వార్టర్. కొలిచి రాస్తున్నాను.

డిసెంబర్ 14, ఆదివారం

ఆరాధన చివర సాక్ష్యాలకు పిలిచినప్పుడు లేచాను. కాగితం మీద రాసుకుని పోయాను, నోటితో అయితే సాకులు చేరతాయని. చదివింది ఇదీ: "నవంబర్ 30న నా చెల్లెలు రేఖతో నేను చెప్పిన మాట తప్పు. ఇస్రాయేలు తాగలేదు. ఆ మందు తాగింది నేను. అది తెలుసుకున్న తర్వాత కూడా రెండు రోజులు చెప్పలేదు. నిన్న కూడా తాగాను."

చివరి వాక్యం కాగితం మీద లేదు.

పాస్టర్ తల వంచుకున్నాడు. నన్ను మెచ్చుకున్న పెద్దాయన చర్చి పైకప్పు చూస్తున్నాడు. సావిత్రమ్మ లేచి ఇస్రాయేలు కూర్చున్న వరస దగ్గరికి పోయి, అందరూ వినేలా, మమ్మల్ని క్షమించు నాయనా అన్నది. అతను ఇబ్బందిగా లేచి నిలబడ్డాడు. పెద్దమ్మ ముందు కూర్చోలేక.

వచ్చే బల్ల నుంచి అతను రావచ్చని పాస్టర్ ప్రకటించాడు.

బయట రేఖను కలిశాను. వచ్చే బల్ల జనవరిల గద అన్నా, అప్పటికి ఆయన ఈడ ఉండడు, అన్నది. తప్పు పట్టినట్టు అనలేదు. బస్సు టైం చెప్పినట్టు చెప్పింది.

డిసెంబర్ 19, శుక్రవారం

ఇస్రాయేలు బెంగళూరు బస్సెక్కాడు. ఎండు చేపల సీసా గుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాడు. బస్టాండుకు పోయాను. పోనా బావా అన్నాడు. నేను చెప్పాల్సింది చాలా ఉంది. బెంగళూరులో చలి ఎక్కువ, స్వెట్టర్ పెట్టుకున్నావా అని అడిగాను. పెట్టుకున్నాడు.

ఐదు రోజులుగా తాగలేదు. పొద్దున చెయ్యి వణుకుతోంది. అతనిది కాదు, నాది.

బాలమణికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. నీకు ఇప్పుడు తెలిసిందా అని అడిగింది. అవునన్నాను. నాకు మూడేళ్ల సంది తెలుసు అని, పిల్లలు పిలుస్తున్నరు, మళ్లీ మాట్లాడత అని పెట్టేసింది.

డిసెంబర్ 21, ఆదివారం

నిన్న తాగాను. తొంభై ఎం.ఎల్.

ఈ పొద్దున రేఖ ఫోన్ చేసి తిండికి రమ్మంది. మొగుడు లేని ఇంట్లో అన్నకు ఎందుకు వండుతుందో అడగలేదు. పోయాను. జొన్నరొట్టె, వంకాయ కూర. ఎదురుగా కూర్చుని నా చెయ్యి చూస్తూ ఉంది. రొట్టె తుంచుతుంటే వణుకుతోంది, దాచలేదు.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

నమిలాను. ఇంకో ముక్క పెట్టుకుని మళ్లీ నమిలాను. ఆగి ఆలోచించాను.

తెలుస్తలేదన్నాను.

ఇంకో రొట్టె వేసింది. "తెలిసేదాంక రోజూ ఈడికే రా."